చేబదులు

కేజీహెచ్ పాత బ్లాకు కింద రికార్డు గది.
సముద్రపు చెమ్మ గోడెక్కి కాగితాల్లోకి దిగింది.
మూడో బీరువాను తవుడు గారు
ముందు ఒక తన్ను తన్నుతారు,
తర్వాత తాళం తిప్పుతారు.

పసికండ కరిగిపోయే జబ్బు.
కొత్త మందు ఇరవై ముగ్గురు పిల్లలకు ఇచ్చాం.
ఇవ్వకుండా ఉంచి చూడ్డానికి
ఒక్క బిడ్డను కూడా ఏ తల్లినీ అడగలేకపోయాం.
అందుకని పోలిక కోసం ఇక్కడికొచ్చాను,
మందు లేని కాలంలో మంచం పట్టినవాళ్ల దగ్గరికి.

నూట నలభై కేసు షీట్లు.
ఎర్ర దారం, తుప్పు దిగిన పిన్నులు.
"అన్నీ కలిపేయండమ్మా, సంఖ్య బలంగా ఉంటుంది"
అన్నారు పెద్ద డాక్టరు, ఫోన్లో, లిఫ్టు ఎక్కుతూ.

పక్కింట్లో చేబదులు తెచ్చిన బియ్యం
ఏ గ్లాసుతో తెచ్చిందో
ఆ గ్లాసుతోనే తిరిగి కొలిచేది మా అమ్మ.
ఇక్కడ గ్లాసులే వేరు.
బిడ్డ ఆసరా లేకుండా ఎంతసేపు కూర్చుందో
మేం సెకన్లలో రాసుకుంటాం.
అప్పటి హౌస్ సర్జన్ 'ఫెయిర్' అని రాసి సంతకం పెట్టాడు.
ఫెయిర్ అంటే కూర్చుందనా? పాలు తాగిందనా?
ఆ రాత్రికి ఉందనా?

మా పిల్లలకు గడియారం మొదటి ఇంజెక్షన్‌తో మొదలు.
వీళ్లకు ఎప్పట్నించి?
ఓపీ చీటీ చింపిన రోజా,
మెడ నిలవట్లేదని నాయనమ్మ మొదట అన్న రోజా?
ఇక్కడికి రాకముందే పోయినవాళ్లకు కాగితమే లేదు.

కిల్లో బుల్కి. రెండేళ్లు.
అనంతగిరి అవతల ఏదో గూడెం,
ఊరి పేరు మీద నీళ్లు పడ్డాయి.
డోలీలో ఒక రోజు, బస్సులో ఒక పూట.
కేసు షీటులో బరువు: ఏడు కిలోలు.
నా కంప్యూటర్లో బరువు: సున్నా పాయింట్ సున్నా నాలుగు.
మా ఇరవై ముగ్గురిని ఎవరు ఎక్కువ పోలితే
వాళ్లకు ఎక్కువ బరువు, అదీ పద్ధతి.
బుల్కిని పోలినవాళ్లు మాలో లేరు.
ఆ కొండ దిగి మా ట్రయల్ దాకా ఎవరూ రాలేదు,
మేమూ ఎక్కలేదు.
ఎంవీపీ కాలనీ గుమస్తా కొడుక్కి మాత్రం
సున్నా పాయింట్ తొమ్మిది ఒకటి.

బరువులన్నీ వేసి చూస్తే
నూట నలభై మంది
పంతొమ్మిది మందికి సమానమయ్యారు.
తక్కినవాళ్లు ఎక్కడికీ పోలేదు,
ఆ పంతొమ్మిదిలోనే
పలచగా, ఒకరి మీద ఒకరు.

తవుడు గారు టీ తెచ్చారు.
ఆ పేరేమిటని ఇన్నాళ్లకు అడిగాను.
"నాకు ముందు ఇద్దరండి. సచ్చిపోనారు.
నన్ను పుట్టగానే సేటడు తవుడికి
ఎదురింటోళ్లకి అమ్మేసి, మళ్లీ కొనుక్కుందట మాయమ్మ.
నాను బతికేను.
తవుడు పన్జేసినట్టే కదండీ?"

ఇద్దరికి ఎదురుగా ఒకడు.
నోరు ఊరుకోదు, అడిగేశాను:
అప్పట్లో మీ కోటవీధికి నీళ్లెక్కడివి?
"నుయ్యండి. నాను పుట్టిన యేడే కుళాయేసేరు."
అని, ఆగి,
గ్లాసులో టీ చాలాసేపు తిప్పుతూ ఉండిపోయారు.
ఆయన జేబులోంచి ఏదో తీసేసుకున్నట్టు
సిగ్గేసింది నాకు.

మా వాళ్లకీ వీళ్లకీ మధ్య పదహారేళ్లు:
నూటెనిమిది బండి,
పిల్లల వార్డులో ఊపిరి యంత్రాలు,
ఏ గడిలోనూ రాయని ఇంకేవో కుళాయిలు.

రిపోర్టులో ఇలా రాశాను:
మందు పనిచేస్తున్నట్టే ఉంది.
కింద, అదే సైజు అక్షరాల్లో:
మేం కొలవని కారణం ఏదైనా
రెండింతల బలంతో ఎక్కడో దాగి ఉంటే
ఈ తేడా నిలవదు.
రెండో వాక్యం తీసేయమన్నారు. తీయలేదు.
చేబదులు అన్నాక ఎవరి దగ్గర తెచ్చామో చెప్పాలి కదా.

చివరి కట్టకు దారం చుడుతూ తవుడు గారు,
"మరి మా అన్నకీ అప్పకీ కాయితాలుంటే
ఎంతేసేవోరండి మీరు?"

లెక్క కట్టకుండా చెప్పలేనన్నాను.
సున్నా మాత్రం కాదన్నాను.

ఆయన తలూపి,
బీరువాను ఇంకో తన్ను తన్ని
తాళం వేశారు.